సకినం చుట్టిన చేత్తో... కుకీకి సింగారం!

బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు. గడప దాటితే గారెలు. తొలి అడుగు వేస్తే అరిసెలు. ఆ బుల్లి పాదాన్ని అరిసె మీద మోపించి, నలుగురూ మురిసిపోయాకే పంచేవాళ్లూ ఉన్నారు. ఇక మాటలొచ్చాయంటే పంచదార చిలకలే! ఏ ముచ్చటకు ఏ పిండివంటో మన పెద్దవాళ్లు ఎప్పుడో లెక్క కట్టి పెట్టారు. మొదటి అక్షరాలు కూడా కలిసొచ్చేలా కుదిర్చారు చూడండి. పేరు పెట్టలేదు కానీ... ఇవాళ మనం ‘థీమ్’ అంటున్నది దీన్నే కదా?

ఆ థీమ్ ఇప్పుడు కుకీ మీదికి వచ్చింది. కరీంనగర్‌లో పుట్టినరోజు పిలుపు అందుకుని వెళితే కేకు పక్కన ఇంకో పళ్లెం పలకరించే కాలం ఇది. పళ్లెం నిండా ఇంట్లో చేసిన బిస్కెట్లు. ఒకదాని మీద పిల్లవాడి పేరు, ఇంకొకటి అయిదు అంకె ఆకారంలో, మరొకటి పులి, ఆ పక్కన ఎర్ర ట్రాక్టరు! ఒక్కోదాని మీదా చక్కెర రంగులతో చేత్తో వేసిన బొమ్మే. కొనుక్కొచ్చిన కేకును కోసి పంచడం పది నిమిషాల పని. ఈ పళ్లెం వెనక మాత్రం రెండు రోజుల ఓపిక ఉంటుంది. 

ఎక్కడో విదేశాల్లో పుట్టిన సరదా, సెల్‌ఫోన్లో చూసి నేర్చుకున్నారు అనుకుంటాం. నిజమే. కానీ కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వైపు రోడ్డెక్కి చూస్తే దారి పొడుగునా ఈ కొత్త కుకీకి మేనత్తలూ మేనమామలే కనిపిస్తారు.

తెల్లబట్ట మీద తెల్ల సుడులు

మొదటి మేనత్త కరీంనగర్‌లోనే ఉంది. పేరు సకినం. సంక్రాంతికి వారం ముందు ఏ గల్లీలో నడిచినా ఆ వాసనే. రాత్రంతా నానబెట్టిన బియ్యాన్ని వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టిస్తారు. దాంట్లో నువ్వులు, వాము, ఉప్పు. నీళ్లు చల్లి మెత్తగా కలుపుతారు. నేల మీద ఉతికిన తెల్లబట్ట పరిచి, దాని చుట్టూ కూర్చుంటారు ఆడవాళ్లంతా. ఇక మొదలవుతుంది అసలు పని. బొటనవేలికీ చూపుడు వేలికీ నడుమ పిండిని మెలిపెడుతూ, సన్నని తాడులా జారవిడుస్తూ, మూడు చుట్లో నాలుగు చుట్లో తిప్పాలి. అచ్చు లేదు, గొట్టం లేదు, మిషను లేదు. మెలిక ఎక్కడా తెగకూడదు. చుట్టూ చుట్టూ మధ్య సందు ఒకేలా ఉండాలి. మెలిక చూసి అది ఎవరి చేతి సకినమో చెప్పేయగలరు ఆ బట్ట చుట్టూ కూర్చున్నవాళ్లు.

కాసేపు ఆరనిస్తే పిండిలోని తడి బట్ట లాగేస్తుంది. అప్పుడే విరగకుండా చేతికొస్తుంది. తొందరపడి తీశారా, ముక్కలే! పిండి కలపడంలో తేడా వస్తే నూనెలో టప్‌మని పేలుతుంది కూడా. అందుకే మూకుడు దగ్గరికి పిల్లల్ని రానివ్వరు. బట్ట దగ్గరికి మాత్రం రానిస్తారు. మొదట వంకర టింకర గీతలు, తర్వాత ఒక చుట్టు, ఆ మరుసటేడు రెండు. ‘‘ఏళ్లు తిప్పు బిడ్డా, చెయ్యి కాదు’’ అనే మాట వింటూ ఇక్కడి ఆడపిల్లలు పెద్దవాళ్లయ్యారు.

పండక్కే కాదు, పెళ్లయిన ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పంపే సారెలోనూ సకినాలు ఉండాల్సిందే. అత్తారింట్లో చుట్టపక్కాలందరికీ పంచుతారు. పుట్టింటి పరువంతా ఆ చుట్ల మీదే ఉంటుందన్నమాట! పక్కనే గరిజెలు. వాటి అంచును జడలా మడవడం ఇంకో విద్య. గీతల చెక్క మీద ఒత్తి తీసే గవ్వలు సరేసరి.

బతుకమ్మ పండగలో ఏడో రోజు చూడండి. దాని పేరే వేపకాయల బతుకమ్మ. బియ్యప్పిండిని అచ్చం వేపకాయల్లా చేసి, వేయించి నైవేద్యం పెడతారు. తర్వాత పిల్లల చేతుల్లో పోస్తారు. చేదు కాయ ఆకారంలో కరకరలాడే తిండి! పిల్లల్ని నవ్వించడానికి ఇంతకంటే మంచి ఆలోచన ఏ పార్టీ నిర్వాహకుడికైనా వచ్చిందా అని నా అనుమానం.

ఈ ఊళ్లోనే ఇంకో పని ఉంది. వెండి తీగల పని. ఎలగందుల కోట నీడలో పెరిగి కరీంనగర్‌కు వచ్చిన కళ ఇది. భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వెంట్రుకలంత సన్నగా సాగదీసిన వెండి తీగల్ని మెలిపెట్టి, చట్రంలో పూలూ ఆకులుగా అమర్చి అతుకుతారు. ముందు చట్రం, ఆ తర్వాత లోపలి నింపుడు. కుకీ మీద చక్కెరతో బొమ్మ వేసేవాళ్లు చేసేదీ అచ్చంగా ఇదే. ముందు అంచు గీస్తారు, తర్వాత లోపల నింపుతారు.

నలభై అయిదు డిగ్రీల్లో వెన్న!

ఇక వంటింట్లోకి వద్దాం. కుకీకి కావలసినవి మూడే. మూడు వంతుల మైదా, రెండు వంతుల వెన్న, ఒక వంతు చక్కెర పొడి. అంటే 300 గ్రాములకు 200, 100. అన్నీ తూకం ప్రకారమే తీసుకోవాలి, గిన్నెల లెక్క పనికిరాదు. చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడో వెనిల్లానో వేస్తే చాలు. సోడా ఉప్పు, బేకింగ్ పౌడర్ వేయొద్దు. అవి వేస్తే బిస్కెట్టు పొంగుతుంది, అంచులు పాకిపోతాయి. పులి అనుకుని పెడితే పెనం మీంచి పిల్లి వస్తుంది! పిండిని పావు అంగుళం మందాన ఒత్తి, అచ్చుతో కోసి, 170, 180 డిగ్రీల మధ్య పది పన్నెండు నిమిషాలు కాలిస్తే సరి. అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీసేయాలి.

పుస్తకాల్లో ఇంతవరకే రాస్తారు. కానీ ఆ పుస్తకాలు రాసినవాళ్లు మే నెలలో రామగుండంలోనో జగిత్యాలలోనో ఉండి చూడలేదు. బయట 45 డిగ్రీలు దాటిన రోజులు ఇక్కడివాళ్లకు కొత్త కాదు. వెన్నేమో ముప్ఫై దాటగానే జారిపోతుంది. ఇలాంటి చోట పిండి ఒత్తడం పగటి పని కాదు. తెల్లవారుజామున లేవాలి, లేదంటే రాత్రి అందరూ పడుకున్నాక పెట్టుకోవాలి. కలిపిన పిండిని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి చపాతీలా ఒత్తేసి, అలాగే ఫ్రిజ్‌లో అరగంట. కోశాక మళ్లీ పావుగంట. అప్పుడే అచ్చు అంచులు కరగకుండా నిలబడతాయి. ఒవెన్ లేదా? అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూత వేసిన దళసరి మూకుడులోనూ కాలతాయి. కాకపోతే విడతకు నాలుగైదే. ముప్ఫై మంది పిల్లల్ని పిలిచినవాళ్లకు అది జాగారమే.

ఒకప్పుడు ఈ బాధ లేదు. మైదా, చక్కెర, డాల్డా మోసుకెళ్లి బేకరీ బట్టీలో ఇస్తే, బిస్కెట్లు కాల్చి రేకు డబ్బాలో పోసి ఇచ్చేవాళ్లు. వేసవి సెలవుల్లో ఆ డబ్బాను సైకిలు వెనక కట్టుకుని రావడం, దారిలోనే నాలుగు మాయం కావడం ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు రంగుల సంగతి. ఐసింగ్ అంటే గుడ్డు తెల్లసొన, చక్కెర పొడి కలిపి గిలక్కొట్టిన మిశ్రమం. పచ్చి గుడ్డు పిల్లలకు మంచిది కాదని మెరింగ్ పౌడర్ వాడతారు. అందులోనూ ఉండేది తెల్లసొనే. శాకాహారుల ఇంటి పిల్లల్ని పిలిచినప్పుడు ఈ ముక్క ముందే చెప్పాలి. వాళ్ల కోసం చక్కెర పొడిలో నాలుగు చెంచాల పాలు కలిపితే పని జరుగుతుంది. మెరుపు కాస్త తగ్గుతుంది, అంతే. అంచు గీయడానికి ఐసింగ్ టూత్‌పేస్టులా ఉండాలి. లోపల నింపడానికి తేనెలా జారాలి. ఎలా తెలుస్తుంది? గిన్నెలో చాకుతో ఒక గీత గీసి అంకెలు లెక్కపెట్టండి. పది పదిహేను లెక్కపెట్టేలోపు గీత కలిసిపోతే నింపడానికి సిద్ధం. వెంటనే కలిసిపోతే పలచనైందని, ఎంతకీ కలవకపోతే గట్టిపడిందని అర్థం.

ఇక చేతిపని గురించి మనవాళ్లకు చెప్పాలా? గోరింటాకు కోను పట్టిన చేతులు ఐసింగ్ కోను పట్టలేవా? వేకువన చుక్కలు పెట్టి, ముగ్గుపిండి జారవిడిచి, గీత తెగకుండా మెలికలు కలిపే వేళ్లకు బిస్కెట్టు మీద పువ్వు వేయడం ఎంత పని! తొలిసారి ప్రయత్నించేవాళ్లకు నా సలహా ఒకటే: ఫోన్లో చూసిన కార్టూన్ ముఖం జోలికి పోకండి. కన్ను కాస్త పక్కకు జరిగినా పిల్లలు పట్టేస్తారు. మెలికల ముగ్గు వేయండి. తప్పు పోయినా ముగ్గులో కలిసిపోతుంది.

వేసిన రంగు ఆరడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ముసురు పట్టిన శ్రావణ మాసంలో ఇంకా ఎక్కువే. ఆరలేదని ఫ్రిజ్‌లో పెట్టారో, చెమ్మ పట్టి ఎరుపు తెలుపులోకి పాకుతుంది. ఫ్యాను కింద పెట్టడమే మేలు. చీమలకు మాత్రం కబురు ముందే అందుతుంది. పళ్లేన్ని నీళ్ల తాంబాళంలో నిలబెట్టడం మరవకండి.

ఇంకో మాట. తొలి పుట్టినరోజు బిడ్డకు ఈ కుకీ పెట్టకండి. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర కలిపిన తిండి వద్దనేది వైద్యుల మాట. ఆ పళ్లెం చుట్టాల కోసం. బిడ్డకు అరిసె మీద అడుగు చాలు.

దుబాయ్‌లో చూసే పుట్టినరోజు

కరీంనగర్ దాటి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా వెళ్తుంటే ఊరూరా కనిపించేది గల్ఫ్ వలస. ఈ దారిలోని ఎన్నో ఇళ్లలో నాన్న ఉండేది దుబాయ్‌లోనో మస్కట్‌లోనో. కుకీ అనే వస్తువు చాలామందికి మొదట పరిచయమైంది కూడా ఆ సూట్‌కేసుల్లోంచే. గుండ్రటి నీలం రేకు డబ్బాలో బటర్ బిస్కెట్లు! తినేది వారం, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ డబ్బాలో సూదులు, దారాలు, గుండీలు. తిరుగు ప్రయాణంలో అదే సూట్‌కేసులో పాత చీర ముక్కల మధ్య భద్రంగా సర్దిన సకినాలు వెళ్లేవి. ఇప్పటికీ వెళ్తున్నాయి. అమెరికా పిల్లలకైతే కొరియర్లో.

ఇలాంటి ఇళ్లలో పుట్టినరోజు అంటే సగం వేడుక ఫోన్లోనే. కేకు కోసేది కొడుకు, చూసేది వేల మైళ్ల అవతల కార్మికుల గదిలో ఉన్న తండ్రి. తెర మీద రుచి తెలియదు. రంగూ ఆకారమే తెలుస్తాయి. ‘నాన్న’ అని రాసిన ఒక బిస్కెట్టును కెమెరా ముందు ఎత్తి పట్టుకుంటే... ఇదంతా ఫొటోల పిచ్చి అని కొట్టిపారేసేవాళ్లు ఆ ఇళ్లను ఒకసారి గుర్తు చేసుకోవాలి. పైగా రంగు బాగా ఆరిన కుకీ గాలి తగలని డబ్బాలో రెండు మూడు వారాలు నిలవుంటుంది. అటు వెళ్లేవాళ్లెవరైనా దొరికితే ఆ బిస్కెట్టే ఆయన దగ్గరికి చేరుతుంది. కేకుకు ఆ భాగ్యం లేదు.

నిర్మల్ పండ్లు, చక్కెర పేర్లు

ఆర్మూరు దగ్గర 44వ జాతీయ రహదారి ఎక్కి, సోన్ వద్ద గోదావరి దాటితే నిర్మల్. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది కానీ, పేరు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఇల్లిల్లూ ఎరిగినదే. పొనికి కర్రతో చేసే కొయ్యబొమ్మలు ఇక్కడివి. తేలికగా, మెత్తగా ఉండే కర్ర అది. ముక్కలు చెక్కి, చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, నునుపు చేసి, పూత పూసి, ఆరాక రంగులద్దుతారు. జామ, సీతాఫలం, మామిడి, వంకాయ... చెట్టు మీంచి అప్పుడే కోసినట్టుంటాయి. పక్కన జింక, పులి, చిలుక.

కుకీ మీద బొమ్మ ఏదైతే బాగుంటుందని తలపట్టుకునే తల్లిదండ్రులు ఒక్కసారి ఈ బొమ్మల దుకాణం ముందు నిలబడితే చాలు. ఎక్కడి సాలెపురుగు మనిషో, ఎక్కడి మంచు రాకుమారో ఎందుకు? సీతాఫలం కుకీ ఊహించుకోండి. ఆకుపచ్చ మీద లేత పసుపు చుక్కలు! పులి కావాలంటే మన కవ్వాల్ అడవి పులే ఉంది. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది. బజారులో అచ్చు దొరకదంటారా? అట్టముక్క మీద బొమ్మ గీసి కత్తిరించి, దాన్ని పిండి మీద పెట్టి చాకుతో చుట్టూ కోస్తే అదే అచ్చు. పొనికి చెట్లు తగ్గిపోయి కర్ర దొరకడమే కష్టమైపోయిందన్నది ఇక్కడి కళాకారుల పాత గోడు. పుట్టినరోజు బహుమతిగా ఒక కొయ్యబొమ్మ కొని, అదే బొమ్మను కుకీ మీద వేస్తే పిల్లవాడికి రెండూ గుర్తుంటాయి.

నిర్మల్, ఆదిలాబాద్ బజార్లలో హోలీకి ముందు మరో రంగుల పండగ. చక్కెర పేర్లు! చెక్క అచ్చుల్లో దారం పరిచి, మరిగిన చక్కెర పాకం పోస్తారు. గట్టిపడ్డాక అచ్చు విప్పితే బిళ్లలు బిళ్లలుగా దండ వస్తుంది. తెలుపు, గులాబీ, పసుపు. వాటికి జోడీగా ఎండు కొబ్బరి కుడుకల పేర్లు. కామునిపున్నమికి ఇవి పిల్లల మెడలో వేస్తారు. ఆ ఏడు పుట్టిన బిడ్డ ఉంటే చుట్టాలు తెచ్చిన దండలతో మెడ నిండిపోవాల్సిందే. పక్కనే ఉన్న మహారాష్ట్రలోనూ ఈ ఆచారం ఉంది. అచ్చు, చక్కెర, రంగు, పిల్లల పండగ... కుకీకి ఇంతకంటే దగ్గర చుట్టం దొరకదు. ఇది మెడలో వేసుకుని తినొచ్చు, అదే తేడా. దండ తెగేలోపు ఎన్ని బిళ్లలు కొరికేశారో లెక్కపెట్టుకునే పోటీ కూడా ఉంటుంది.

ఇప్ప చెట్టు కింద

నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపులు. నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్. అక్కడ కుడివైపు తిరిగితే ఉట్నూరు. గోండు, కొలాం, పర్ధాన్ల గూడేల నడుమ ఊరు. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయం ఉన్నది ఇక్కడే. మైదా, వెన్న, ఐసింగ్ లేని పిల్లల మిఠాయి కథ ఇక్కడుంది. 

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారేసరికి ఇప్ప చెట్ల కింద నేలంతా లేత పసుపు పూలు. ఎండ ఎక్కకముందే ఆడవాళ్లూ పిల్లలూ బుట్టల్లో ఏరుతారు. ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుని, గోధుమ రంగుకు తిరుగుతాయి. కొరికితే తీపి! ఇప్పపువ్వు అనగానే సారాయే గుర్తొచ్చే మనకు ఆ తీపి సంగతి ఆలస్యంగా తెలిసింది. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఈ ఎండు పూలను వేయించి, పల్లీలు, నువ్వులు, బెల్లం కలిపి లడ్డూలు కడుతున్నారు. ఆశ్రమ పాఠశాలల ఆడపిల్లలకూ గర్భిణులకూ రక్తహీనత తగ్గాలని ఈ లడ్డూలనే పెట్టించారు. 2025 మార్చి 30న ప్రసారమైన ‘మన్ కీ బాత్’లో ప్రధానమంత్రి ఆదిలాబాద్ మహిళల ఇప్పపువ్వు వంటకాలను ప్రస్తావించారు. అదే మాటల వరసలో ఇంకో ఊరి పేరూ వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లా రాజాఖోహ్. అక్కడి నలుగురు మహిళలు ఇప్పపూలతో చేస్తున్నవేమిటో తెలుసా? కుకీలు!

అంటే దారి అప్పుడే పడిందన్నమాట. మైదాలో సగం తగ్గించి జొన్నపిండి, చక్కెర బదులు మెత్తగా నూరిన ఇప్పపువ్వు. జొన్నలో మైదాకున్న జిగురు లేదు కాబట్టి విరుగుతుంది. అందుకే మైదాను పూర్తిగా మానకూడదు, కాస్త మందంగా కోయాలి. రంగు ముదురుగా వస్తుంది. దాని మీద తెల్ల ఐసింగ్‌తో గీసిన సన్నని గీత ఎర్రమట్టి గోడ మీద వేసిన సుద్ద ముగ్గులా కనిపిస్తుంది. పైన ఇంకే హంగూ అక్కర్లేదు.

ఇక్కడికి వచ్చాక గుస్సాడీల నెమలి ఈకల టోపీని చూసి, ఇది కుకీ మీద ఎంత బాగుంటుందో అని ఎవరికైనా అనిపిస్తుంది. వద్దనే నా మాట. దీపావళి వేళ దండారిలో ఆ టోపీ పెట్టుకునేవాళ్లు నియమ నిష్ఠలతో ఉంటారు, దాన్ని దైవంగా కొలుస్తారు. కొరికి తినే బొమ్మ కాదది. నెమలి కావాలంటే ఒట్టి నెమలి వేసుకోవచ్చు, అడవిలో కావలసినన్ని ఉన్నాయి.

ఇంటి దగ్గర ఇవి చేసి అమ్మాలనుకునే మహిళలు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో నమోదు చేయించుకోవాలి. రంగులు కూడా తినడానికి అనుమతి ఉన్నవే వాడాలి. మెరిసే వెండి గుండ్లన్నీ తినేవి కావు, డబ్బా మీద చదివే కొనాలి. ఇక ధర దగ్గర అందరూ తడబడతారు. మైదా, వెన్న ఖర్చు కట్టేసి ఊరుకుంటారు. ఒక్కో కుకీ మీద వంగి కూర్చున్న ఇరవై నిమిషాలు లెక్కలోకి రావు. సకినాలు కిలోల లెక్కన చుట్టి అమ్మే ఆడవాళ్లదీ ఇదే కథ. మెలికకు ధర కట్టే తూకం ఇంకా రాలేదు.

ఇప్పపూలతో చేసి చూద్దామనుకునేవాళ్లకు చివరిగా కాలం సంగతి. చైత్రంలో పుట్టిన పిల్లల అదృష్టం, కొత్త పూలు దొరుకుతాయి. మిగతావాళ్లు ఎండు పూలు తెచ్చుకుని, నడుమనున్న కేసరాలు తీసేసి, ఇసుక పోయేదాకా రెండు నీళ్లు కడిగి, ఒక పూట ఎండలో పెట్టాలి. వేయించేటప్పుడు సన్నని సెగ మీద, చెయ్యి ఆపకుండా. మాడితే చేదెక్కుతాయి.